నగర శిల్పి మోక్షగుండం విశ్వేశ్వరయ్య

నాగరకత నదీతీరాలలో పుట్టిందని చరిత్ర చెబుతుంది. నది ఆగ్రహించిన నాడు అదే నాగరకత కొట్టుకుపోయిన సందర్భాలూ చరిత్రలో కోకొల్లలు. నీరు లేనిదే మనిషి బతకలేడు. అదుపు తప్పిన నీటి ముందు నిలువలేడు. ఈ రెండు సత్యాలనూ ఏకకాలంలో దృష్టిలో ఉంచుకొని ఒక మహానగరం రూపురేఖలను దిద్దిన మేధావి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. హైదరాబాదులో ఆయన స్వయంగా గడిపిన కాలం స్వల్పం. ఆయన గీసిన రేఖలు మాత్రం శతాబ్దానికి పైగా ఆ నగర ప్రజల నిత్యజీవితంలో అంతర్వాహినిగా ప్రవహిస్తూనే ఉన్నాయి.

తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్ వీధులు విద్యార్థులతో మేలుకొంటాయి. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి చదువుల కోసం వచ్చి అద్దె గదులలో, వసతిగృహాలలో ఉంటున్న యువతీయువకులు నిద్ర లేవగానే నల్లా తిప్పుతారు. వాడిన నీరు గది దాటి, వీధి దాటి, కంటికి కనిపించని గొట్టాలలోకి జారిపోతుంది. పుస్తకాలు చేతబట్టి, ఎల్.బి.నగర్ నుండి వచ్చే మెట్రో రైలు ఎక్కితే, మలక్‌పేట దాటిన తరువాత మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గర మూసీనది కనిపిస్తుంది. నల్లాలోకి నీరు ఎక్కడి నుండి రావాలి, మురుగు గొట్టం ఎంత వాలుగా ఉండాలి, వంతెన ఎంత ఎత్తున నిలవాలి, చెరువుకట్టకు తూము ఎక్కడ ఉండాలి అనేవన్నీ ఎవరో ఒకరు ముందుగా ఆలోచించి నిర్ణయించిన విషయాలు. వస్తువుకుగాని, కట్టడానికిగాని, ఊరికిగాని దాని ప్రయోజనాన్ని బట్టి ఒక రూపాన్ని ముందుగా నిర్ణయించడమే రూపకల్పన. మంచి రూపకల్పన ఉన్నచోట మనిషి దాని ఉనికినే గుర్తించడు. అది లోపించినచోట ప్రతి వానాకాలమూ గుర్తు చేసుకుంటాడు. మనం గుర్తించకుండానే మనల్ని కాపాడే రూపకల్పనకు జీవితాన్ని అంకితం చేసిన వ్యక్తి కథ ఇది.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న నాటి మైసూరు సంస్థానంలో, చిక్కబళ్లాపురం సమీపాన గల ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ దైవభక్తి, క్రమశిక్షణ గల ఇల్లాలు. వీరి పూర్వులది నేటి ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం. అక్కడి నుండి మైసూరు సీమకు తరలివెళ్లినా ఆ కుటుంబం ఇంటిపేరులో ఊరిపేరును, ఇంటి మాటలో తెలుగును నిలుపుకొన్నది. కన్నడసీమలో పుట్టి పెరిగి, తెలుగు ఇంటిభాషగా గల విశ్వేశ్వరయ్యను ఉభయ ప్రాంతాల వారూ తమవాడని గర్వంగా చెప్పుకొంటారు.

చిన్నతనంలోనే తండ్రిని కోల్పోవడంతో ఆయనకు పేదరికం తోడైంది. ప్రాథమిక విద్య చిక్కబళ్లాపురంలో పూర్తిచేసి, పైచదువుల కోసం బెంగుళూరులోని మేనమామ ఇంటికి చేరారు. ఒక సంపన్న కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెబుతూ, ఆ వచ్చిన డబ్బుతో సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టం పొందారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూణేలోని విజ్ఞాన కళాశాలలో ఇంజనీరింగ్ చదివి, 1883లో బొంబాయి రాష్ట్రంలోనే ప్రథమస్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం లభించింది. ఆనాడు పెద్ద పదవులన్నీ ఆంగ్లేయుల చేతులలో ఉండేవి. భారతీయుడు ఎదగాలంటే వారికంటె రెండింతల ప్రతిభ చూపవలసి వచ్చేది.

ఆయన ప్రతిభ ఎట్టిదో సుక్కూరు పట్టణం నిరూపించింది. సింధునది ఒడ్డున ఉన్న ఆ పట్టణానికి నీటికి కొదవ లేదు. కాని ఆ నీరు బురదమయం. దానిని వడగట్టే తొట్లను నిర్మించడానికి పురపాలక సంఘం వద్ద తగినంత ధనం లేదు. ఆ సమస్యకు విశ్వేశ్వరయ్య నదిలోనే పరిష్కారం వెదికారు. నదీగర్భంలో బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరి వచ్చే నీటిని అందులోకి మళ్లించే ఏర్పాటు చేశారు. నదిలోని ఇసుకే వడపోత సాధనమైంది. ఖర్చు తగ్గింది, తేటనీరు దక్కింది. సమస్య ఉన్నచోటనే, అక్కడ దొరికే వస్తువులతోనే, అక్కడి ప్రజలు భరించగల వ్యయంతో పరిష్కారం చూపడం ఆయన పద్ధతి. ఈ పద్ధతి ఆయన జీవితమంతటా కనిపిస్తుంది.

పూణే సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఆయన మరొక చిక్కును ఎదుర్కొన్నారు. వర్షాకాలంలో ఆనకట్ట మీదుగా చాలా నీరు పొర్లి వృథా అయ్యేది. నీటిని మరికొంత ఎత్తున నిలపవలసి ఉంది. కాని కట్టను ఎత్తు పెంచితే పాత కట్టడానికి ప్రమాదం. అందుకు ఆయన స్వయంచాలక కవాటాలను రూపొందించారు. నీటిమట్టం నిర్ణీత స్థాయిని మించగానే ఆ తలుపులు వాటంతట అవే తెరుచుకొంటాయి. మట్టం తగ్గగానే తిరిగి మూసుకొంటాయి. అర్ధరాత్రి వరద వచ్చినా తలుపులెత్తడానికి కావలివాడు మేల్కొని ఉండనవసరం లేదు. 1903లో అమర్చిన ఈ కవాటాల పద్ధతినే తరువాత గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టలోను, మైసూరులోని కృష్ణరాజసాగరంలోను అనుసరించారు. మనిషి ఏమరుపాటును కూడా ముందుగానే లెక్కలోకి తీసుకొన్న నిర్మాణమే నమ్మదగిన నిర్మాణం అని ఆ తలుపులు లోకానికి చాటాయి.

దక్కను ప్రాంతపు కాలువల కింద ఆయన ప్రవేశపెట్టిన వంతులవారీ సాగుపద్ధతి కూడా ఇటువంటిదే. కాలువ తలాపున ఉన్న రైతుకు నీరు పుష్కలం, చివరన ఉన్న రైతుకు కన్నీరే మిగులు. ఆయకట్టును భాగాలుగా విభజించి, పంటలను మార్చుతూ, నీటిని వంతులవారీగా అందిస్తే ఎక్కువ గ్రామాలకు మేలు కలుగుతుందని ఆయన ప్రతిపాదించి అమలుపరిచారు. కాలువను ఎలా తవ్వాలన్నది ఇంజనీరింగ్ ప్రశ్న. ఆ నీరు ఎవరెవరికి చేరాలన్నది సమాజపు ప్రశ్న. ఈ రెండింటినీ ఆయన విడదీసి చూడలేదు. 1906లో ఏడెన్ నగరపు నీటి సరఫరా, మురుగు పారుదల సమస్యలను పరిశీలించడానికి ప్రభుత్వం ఆయననే పంపింది. 1908లో ఆయన స్వచ్ఛందంగా బొంబాయి కొలువు నుండి విరమించి విదేశయాత్రకు బయలుదేరారు.

సరిగ్గా ఆ సమయంలోనే హైదరాబాదు నగరంపై పెనువిపత్తు విరుచుకుపడింది. అనంతగిరి కొండలలో పుట్టే మూసీ, దానితో కలిసే ఈసీ, రెండూ వేసవిలో సన్నని పాయలుగా పారే నదులే. 1908 సెప్టెంబరు చివరి వారంలో వాటి పరీవాహక ప్రాంతమంతటా కుంభవృష్టి కురిసింది. సెప్టెంబరు 28న మూసీ సెకనుకు 4 లక్షల ఘనపుటడుగులకు మించిన ప్రవాహంతో నగరం మీదికి వచ్చింది. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారని, 80 వేల మంది నిరాశ్రయులయ్యారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని ఆ చెట్టు ఈనాటికీ ఆ కాళరాత్రికి సాక్షిగా స్మరింపబడుతున్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ రాజభవన ద్వారాలను బాధితుల కోసం తెరిపించి అన్నదానం చేయించాడు. ఆకలిని అన్నంతో తీర్చవచ్చు. మళ్లీ వరద రాకుండా చేయడం ఎట్లా అన్నదే అసలైన ప్రశ్న. దానికి సమాధానం కోసం నిజాం ప్రభుత్వం విదేశాలలో ఉన్న విశ్వేశ్వరయ్యకు కబురు పంపింది.

యాత్ర ముగించుకొని ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకొన్నారు. నగరంలో కూలిన గోడలను కొలవడంతో ఆయన తన పనిని పరిమితం చేసుకోలేదు. నది పుట్టిన చోటి నుండి పరిశీలన సాగించారు. ఎక్కడెక్కడ ఎంత వాన పడిందో లెక్కలు సేకరించారు. ఇతర ప్రాంతాలలో కురిసిన అసాధారణ వర్షాలతో వాటిని పోల్చి చూశారు. నగరానికి ఎగువన వందలాది చిన్న చిన్న చెరువులు గొలుసుకట్టుగా ఉండడం, వాటిలో రెండు వందలకు పైగా తెగిపోవడం ఆయన దృష్టికి వచ్చాయి. పై చెరువు తెగితే ఆ నీటి తాకిడికి కింది చెరువు, దాని తాకిడికి ఆపై చెరువు వరుసగా తెగి, వాన నీటికి చెరువుల నీరు తోడై నది మీద పడింది. ఇది కేవలం దైవఘటన అని సరిపెట్టుకొనే వీలు లేదు. వానను ఆపడం మానవసాధ్యం కాదు. వాననీరు నగరంలోకి ఎంత వేగంతో, ఎంత పరిమాణంలో రావాలో నిర్ణయించడం మాత్రం మానవసాధ్యమేనని ఆయన నిశ్చయించారు.

ఆ నిశ్చయానికి ఫలమే 1909 అక్టోబరులో ఆయన సమర్పించిన నివేదిక. మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి, నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు నిర్మించాలన్నది అందులోని ప్రధాన సూచన. సాధారణంగా జలాశయాన్ని నిండుగా నిలుపుకోవాలని ఎవరైనా కోరుకొంటారు. విశ్వేశ్వరయ్య ఈ జలాశయాలలో కొంత భాగాన్ని ఖాళీగా ఉంచాలని నిర్దేశించారు. ఆ ఖాళీ స్థలమే వరదకు విడిది. ఒక్కసారిగా వచ్చిపడే ప్రవాహాన్ని అక్కడ నిలిపి, నగరంలోని నది భరించగలిగినంత మేరకే కొద్దికొద్దిగా దిగువకు వదలాలి. ఖాళీగా ఉంచిన జాగా వృథా జాగా కాదని, అది ప్రాణరక్షణకు కేటాయించిన జాగా అని గ్రహించడమే ఈ ప్రణాళికలోని జీవం.

ఆయన ఆలోచన అంతటితో ఆగలేదు. వరదను ఆపే కట్టడమే వేసవిలో దాహం తీర్చాలి. అప్పటివరకు హుసేన్‌సాగర్, మీరాలం చెరువుల మీద ఆధారపడిన నగరానికి ఆ జలాశయాల నుండి శుభ్రమైన తాగునీరు అందాలి. నగరం గుండా పారే నది ఒడ్డులను ఎత్తుచేసి పటిష్ఠపరచాలి. ఒడ్డుల వెంట రహదారులు, ఉద్యానవనాలు ఏర్పడాలి. మురుగునీరు వీధులలో నిలువకుండా గొట్టాల గుండా నగరం వెలుపలికి చేరాలి. నిన్నటివరకు భయంతో వణికిన నదీతీరమే రేపు ప్రజలు సాయంకాలం సేదతీరే చోటు కావాలి. భద్రత, ఆరోగ్యం, సౌందర్యం మూడింటినీ ఒకే ప్రణాళికలో ఇమిడ్చిన దూరదృష్టి ఆయనది.

నివేదిక సమర్పించిన కొద్దికాలానికే మైసూరు సంస్థానం ఆహ్వానంపై ఆయన అక్కడికి వెళ్లారు. అయితే ఆయన రూపకల్పన కాగితాలకే పరిమితం కాలేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌ను గండిపేట చెరువు అని పిలిచే జనం ఆ నీటి రుచిని తరతరాలుగా చెప్పుకొన్నారు. 1922లో విశ్వేశ్వరయ్య మళ్లీ హైదరాబాదు వచ్చి నగరాభివృద్ధి, మురుగునీటి పారుదల విషయాలలో సలహాలిచ్చారు. 1931 నాటికి భూగర్భ మురుగుకాలువల వ్యవస్థ రూపుదిద్దుకొన్నది. ఇరుకు సందులున్న చోట విశాలమైన రహదారులు, పత్తర్‌గట్టి వంటి రాతి బజారులు వెలిశాయి. నాంపల్లి, మలక్‌పేట వంటి చోట్ల గాలీ వెలుతురూ గల కొత్త నివాసాలు లేచాయి. వరద ముంచెత్తిన మూసీ ఒడ్డునే ఉన్నత న్యాయస్థానం, ఉస్మానియా ఆసుపత్రి వంటి మహాసౌధాలు తలెత్తుకొని నిలిచాయి. నది మీద నమ్మకం కుదిరితేగాని ఏ పాలకుడూ అటువంటి కట్టడాలను ఆ ఒడ్డున నిర్మింపజేయడు.

ఒక ఊరి రూపం మారితే ఆ ఊరి మనుషుల నడవడి కూడా మారుతుంది. బావి నుండి నీరు మోసుకొనే వేళ తగ్గితే ఇల్లాలికి తీరిక చిక్కుతుంది, ఆడపిల్లకు బడికి వెళ్లే వీలు కలుగుతుంది. మురుగు వీధిలో నిలవకపోతే పసిపిల్లలు వ్యాధుల పాలు కాకుండా పెరుగుతారు. నదీతీరంలో తోట ఉంటే ధనికుడూ పేదవాడూ ఒకే చెట్టునీడన కూర్చుంటారు. ఈ విధంగా గొట్టం, కాలువ, కట్ట, తోట అనే మూగ వస్తువులు సంఘసంస్కర్తలు చేసే పనిలో పాలుపంచుకొంటాయి.

1909లో మైసూరు సంస్థానపు ప్రధాన ఇంజనీరుగా చేరిన విశ్వేశ్వరయ్య 1912లో దివాను పదవిని అధిష్ఠించారు. ఆ పదవిని స్వీకరించే ముందు బంధువులను పిలిచి, తన వద్దకు ఎవరూ సిఫారసులతో రాకూడదని మాట తీసుకొన్నారని చెబుతారు. కావేరీ నదిపై కృష్ణరాజసాగర నిర్మాణం 1911లో ఆరంభమై 1931లో పూర్తయింది. సిమెంటుకు బదులు ఇటుకపొడి, సున్నం కలిపిన సుర్కీతో కట్టిన ఆ ఆనకట్ట మండ్య ప్రాంతపు బీడుభూములను సస్యశ్యామలం చేసింది. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగ్ కళాశాల ఆయన కృషితో వెలిశాయి. నీటికి కట్ట ఎట్లాగో, పొదుపుకు బ్యాంకు, ప్రతిభకు విశ్వవిద్యాలయం అట్లాంటివని ఆయన నమ్మారు. చెల్లాచెదురుగా ఉన్న శక్తిని ఒకచోట నిలిపి అవసరమైన చోటికి మళ్లించడమే ఈ సంస్థలన్నింటి పని.

మహనీయుల అభిప్రాయాలన్నీ కాలపరీక్షకు నిలుస్తాయనుకోవడం పొరపాటు. ప్రభుత్వోద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం కల్పించాలన్న మైసూరు మహారాజు ఆలోచనతో ఆయన ఏకీభవించలేదు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఆయన వాదం. ఆ అభిప్రాయభేదంతో 1918లో దివాను పదవి నుండి వైదొలగారు. కాలువ చివరన ఉన్న రైతుకు నీటిలో వంతు కల్పించిన మహామేధావి, అవకాశాల కాలువ చివరన ఉన్న వర్గాలకు వంతు కల్పించే విషయంలో భిన్నంగా ఆలోచించారు. స్వతంత్ర భారత రాజ్యాంగం ఆ ప్రశ్నకు వేరొక సమాధానం చెప్పింది. ఆయన గొప్పదనాన్ని తలచుకొనే సందర్భంలో ఈ సంగతిని దాచవలసిన అవసరం లేదు.

పదవిని వీడినా ఆయన పనిని వీడలేదు. నష్టాలలో ఉన్న భద్రావతి ఇనుము కర్మాగారపు బాధ్యత స్వీకరించి దానిని నిలబెట్టారు. ఆ సేవకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని బెంగుళూరులో వృత్తివిద్యా సంస్థ కోసం వినియోగింపజేశారు. దేశాభివృద్ధికి ప్రణాళిక అవసరమని వివరిస్తూ 1934లో ఆంగ్లంలో గ్రంథం వెలువరించారు. తొంభై ఏళ్లు దాటిన వయస్సులో కూడా గంగానదిపై వంతెన నిర్మించే స్థలాన్ని పరిశీలించడానికి బీహారులో పర్యటించారు. చక్కని తలపాగా, నిటారైన నడక, నిమిషం తప్పని సమయపాలన ఆయన చిహ్నాలు. తన దినచర్యను కూడా ఒక కట్టడంవలె క్రమబద్ధంగా తీర్చిదిద్దుకొన్న మనిషి ఆయన. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో గౌరవించింది. నూరేళ్ల నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. హైదరాబాదులో ఖైరతాబాదు వద్ద ఇంజనీర్ల సంస్థ భవనం ఆయన పేరుతోనే ఉన్నది.

విశ్వేశ్వరయ్య హైదరాబాదును పరిశీలించిన నాటికి నేటి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీలు లేవు. అక్కడ పొలాలు, తోటలు, చెరువులు ఉండేవి. కుతుబ్‌షాహీల కాలం నాటి సరూర్‌నగర్ చెరువు ఆ ప్రాంతానికి ఆయువుపట్టు. మీర్‌పేట, జిల్లెలగూడ పరిసరాల చెరువులు నిండి పొర్లిన నీరు సరూర్‌నగర్ చెరువుకు, అక్కడి నుండి మూసీకి చేరేది. నీటికి అది తాతముత్తాతల నాటి బాట. తరువాతి దశాబ్దాలలో విజయవాడ రహదారికి ఇరువైపులా నగరం వేగంగా విస్తరించింది. లాల్‌బహదూర్ శాస్త్రి పేరిట ఎల్.బి.నగర్ వెలసింది. దిల్‌సుఖ్‌నగర్ విద్యాసంస్థలకు, వ్యాపారానికి కూడలి అయింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీరు పెరిగిన జనాభాకు చాలలేదు. 2004 నుండి కృష్ణానది నీరు నల్లగొండ జిల్లా మీదుగా గొట్టాలలో ప్రయాణించి, ఎల్.బి.నగర్ సమీపంలోని సాహెబ్‌నగర్ జలాశయానికి చేరుతూ నగర దాహం తీరుస్తున్నది. నీరు వచ్చే మార్గాన్ని ఇంత శ్రద్ధగా నిర్మించుకొన్న నగరం, వాననీరు పోయే మార్గాన్ని అంత శ్రద్ధగా కాపాడుకోలేదు.

దాని ఫలితం 2020 అక్టోబరు 13న కనిపించింది. నగరానికి తూర్పున కుండపోత వాన కురిసింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 24 గంటలలో 30 సెంటీమీటర్లకు మించిన వర్షం నమోదైంది. విశ్వేశ్వరయ్య సూచించిన రెండు జలాశయాలూ నగరానికి పడమట ఉన్నాయి. పడమటి నుండి వచ్చే వరదను అవి నిలపగలవుగాని, తూర్పున కురిసిన వానను నిలపలేవు. అక్కడి నీటికి విడిది కావలసినవి స్థానికంగా ఉన్న చెరువులు, కాలువలే. చెరువుల చుట్టూ ఇళ్లు ముసురుకొని, కాలువలు ఇరుకైపోవడంతో ఆ నీరు తన పాత బాటను వెదుక్కొంటూ సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల ఇళ్లలోకి ప్రవేశించింది. జనం రోజుల తరబడి నీటి నడుమ గడిపారు. మూసారాంబాగ్ వంతెనను మూసీ ముంచెత్తింది. 2021లో నాలాల విస్తరణకు ప్రభుత్వం ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషను ప్రాంగణంలోకి కూడా వచ్చింది. నది తన వెడల్పును మరచిపోదు, మరచిపోయేది మనిషే.

ఈ సంఘటనలు విశ్వేశ్వరయ్య విఫలుడయ్యాడని చెప్పవు. ఆయన చెప్పిన సూత్రాన్ని నగరం పెరిగిన ప్రతిచోటా పాటించవలసి ఉండెనని చెబుతాయి. గొలుసుకట్టు చెరువులలో ఒకటి చెడితే దాని కింది ఊరంతా చెడుతుందని ఆయన 1909లోనే గుర్తించారు. నీటికి జాగా వదలాలని, వానకు ముందే వరదను ఊహించాలని, ఖాళీ జాగాను విలువలేనిదిగా చూడరాదని ఆయన పని బోధిస్తున్నది. ఒక తరం చేసిన రూపకల్పన ఆ తరువాతి తరానికి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణను నిలుపుకోవడం, కొత్త అవసరాలకు తగినట్లు విస్తరించడం ఆ తరువాతి తరం బాధ్యత. బాధ్యత మరచిన చోట వారసత్వం నిలువదు.

నేడు దిల్‌సుఖ్‌నగర్ వీధులలో ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులు వేలల్లో ఉన్నారు. ఇంజనీరు కావడమంటే మంచి జీతం గల ఉద్యోగం సంపాదించడమేనన్న భావన సమాజంలో బలంగా నాటుకొన్నది. జీతం అవసరమే. అయితే సుక్కూరు పేదలకు తేటనీరు అందించిన బావి, అర్ధరాత్రి తనంతట తానే తెరుచుకొనే ఖడక్‌వాస్లా తలుపు, వరద కోసం ఖాళీగా ఉంచిన గండిపేట జలాశయం ఆ వృత్తికి మరొక అర్థాన్ని చూపుతున్నాయి. తాను చూడని మనుషుల కష్టాన్ని ముందుగా ఊహించి, దానిని నివారించే రూపాన్ని నేటి నుండే కల్పించడం ఆ అర్థం. మెట్రో రైలు మూసీని దాటే ఆ కొద్ది క్షణాలలో ఒక్కసారి నది వైపు చూస్తే, పుట్టిపెరగని ఊరి కోసం రాత్రింబగళ్లు లెక్కలు కట్టిన ఆ తలపాగా మనిషి స్ఫురణకు వస్తారు. ఆయన మొదలుపెట్టిన లెక్క ఇంకా పూర్తికాలేదు. దానిని ముందుకు తీసుకుపోవలసినవారు ఆ రైలులో ప్రయాణించే యువతరమే.